వెనక వాటా రెండో తాళంచెవి

చోడవరంలో ఇల్లు అద్దెకివ్వాలనుకున్నవాళ్ళు ఆ రోజుల్లో రెండు పనులు చేసేవారు. ఒకటి, పాత అట్టముక్క మీద ‘ఇల్లు అద్దెకివ్వబడును’ అని బొగ్గుతో రాసి గేటుకి కట్టడం. రెండు, నా సైకిలు బెల్లు వినబడగానే గేటు దాకా రావడం. అట్టముక్క మొదటి వానకే కారిపోయేది. నేను కారిపోలేదు గనక, ముప్పై రెండేళ్ళ పోస్టుమాన్ ఉద్యోగంలో ఎన్ని ఇళ్ళకి మనుషుల్ని చూపించానో, ఎంతమంది మనుషులకి ఇళ్ళు చూపించానో నాకే తెలియదు. కమీషను ఎన్నడూ తీసుకోలేదు. ఎండాకాలంలో మజ్జిగిస్తే కాదనలేదు, అంతే.

అందుకేనేమో, ఇప్పుడు ఊళ్ళో జాగా కొనుక్కుని రెండు మూడు వాటాలు వేస్తున్న కుర్రవాళ్ళు నా అరుగు దగ్గర ఆగుతుంటారు. "బాబాయ్, కింద నేనుంటాను, మీద రెండు పోర్షన్లు అద్దెకిస్తాను. ఎలగ కడితే మంచిదంటావు?" అని అడుగుతారు. ప్లాను గీసే ఇంజనీరుండగా, గుమ్మాల్ని అటూ ఇటూ జరిపే వాస్తు ఆయనుండగా, నన్నెందుకు అడుగుతారో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. తరవాత తెలిసింది. ఇల్లు కట్టినవాడు ఇంటిని లోపల్నించి చూస్తాడు. నేను గడప దగ్గర్నించి చూశాను. అద్దె ఇంటి బాగోగులన్నీ గడప దగ్గరే తేలిపోతాయి.

అందుకని నేను చెప్పే సలహాలు కూడా గడపలోతు సలహాలే. ప్రతి వాటాకీ విడిగా ఒక నంబరు వెయ్యండి. ‘వెనక వాటా’, ‘మేడ మీద వాళ్ళు’ అంటే పోస్టుమాన్‌కి తెలుస్తుంది గానీ కొరియర్ కుర్రాడికి తెలియదు. కరెంటు మీటరు ఎవరిది వాళ్ళకి పెట్టించండి. ఒకే మీటరున్న ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పక్కవాటా వాళ్ళ కళ్ళు తిరుగుతుంటాయి. మోటారు స్విచ్చి అందరికీ అందేచోట ఉండాలి. మెట్ల దగ్గర లైటుండాలి. స్నానాలగది వాటా లోపలే ఉండాలి. బయట పెట్టారంటే ఏడాదికో కుటుంబం మారుతుంది, ఏడాదికోసారి మీరు సున్నం కొట్టిస్తారు. కాగితం రాసుకోండి, ఎంత తెలిసినవాళ్ళయినా సరే. వాళ్ళు ఖాళీ చేసేటప్పుడు రెండు తాళంచెవులూ అడిగి పుచ్చుకోండి.

ఈ చివరి మాట చెప్పినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఎందుకో చెబుతాను. అది చెబితే నా ఉద్యోగంలోకల్లా పెద్ద తప్పు కూడా చెప్పాల్సొస్తుంది. ఇంతకాలం చెప్పలేదు. ఇప్పుడు పెన్షన్ పుచ్చుకుంటున్నాను గనక ఎవరూ సస్పెండు చెయ్యలేరు.

అప్పటికి సెల్‌ఫోన్లు పెద్ద వ్యాపారుల జేబుల్లోకి మాత్రమే వచ్చాయి. మిగతా ఊరంతా మా సంచీ మీదే బతుకుతోంది. నాకు సైకిలు పోయి మోపెడ్ వచ్చిన కొత్త. నా బీటులో, అంటే నేను ఉత్తరాలు పంచే వీధుల్లో, ఒక ఇంటామె ఉండేది. భర్త చక్కెర ఫ్యాక్టరీలో చేసి పోయాడు. ముందు వాటాలో తనుండేది, వెనక వాటా అద్దెకిచ్చేది. ఆ అద్దే ఆమెకి ఆధారం. వయసులో నాకన్నా పెద్దది. మా వైపు అక్కని అప్ప అంటాం, నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

ఆ వెనక వాటాకి ఒకావిణ్ణి తీసుకొచ్చింది నేనే. భర్త విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో డ్రైవరుగా చేస్తూ ఉద్యోగంలో ఉండగానే పోయాడు. నాలుగో తరగతి చదివే కూతురితో ఇక్కడికొచ్చి కుట్టుమిషను పెట్టుకుంది. క్రైస్తవులు. ఆదివారం చర్చికి తెల్లచీరలో వెళ్ళేది, మిగతా ఆరు రోజులూ పక్కవాళ్ళ చీరలకి ఫాల్స్ కుట్టేది. ఇంటామె మొదట కొంచెం నసిగింది.

"మరి ఆళ్ళు పండగలవీ సెయ్యరు గదా బాబూ?"

"చేస్తారప్పా. నీకన్నా ఒక కేకు ఎక్కువే చేస్తారు."

ఆ డిసెంబరులో నిజంగానే కేకొచ్చింది. నా వాటా నాకూ వచ్చింది. రెండేళ్ళు చల్లగా గడిచిపోయాయి.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నా నోటికి గమ్ము ఎక్కువ. స్టాంపు అంటించడానికి ఎంత పనికొస్తుందో, మాట అంటించడానికీ అంతే పనికొస్తుంది. ఏ గుమ్మంలోనైనా ఒక నవ్వు దింపకుండా ఉత్తరం దింపితే నాకు ఆ రోజు బీటు పూర్తయినట్టుండేది కాదు. మా పోస్టుమాస్టరు గారు గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినాయన. "ఏమయ్యా, నీ సంచిలో ఉత్తరాలకన్నా కబుర్లే బరువుగా ఉన్నాయే" అనేవారు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకునేవాణ్ణి.

రెండో ఏడాది చివర, వేసవిలో వెనక వాటా ఆవిడకి విశాఖపట్నం నుంచి రిజిస్టరు ఉత్తరాలు రావడం మొదలైంది. పొడుగాటి గోధుమరంగు కవర్లు, మూల ప్రభుత్వ ముద్ర. నెలకొకటి చొప్పున వచ్చేవి. ఆవిడ సంతకం పెట్టి, కవరు విప్పకుండానే లోపలికి పట్టుకెళ్ళిపోయేది. మూడోది ఇచ్చి బయటికొస్తుంటే ఇంటామె గేటు దగ్గర పట్టుకుంది.

"పోస్టు బాబూ, ఒక మాట. ఆవిడికి నెలనెలా ఆ రిజిస్టర్లేటి?"

నిజానికి నాకూ తెలియదు. తెలియదు అంటే సరిపోయేది. నాలుగక్షరాల మాట. కానీ నా నోరు ఊరుకోలేదు.

"ఏం చెప్పమంటావప్పా? గవర్నమెంటుకి ఆవిడంటే మహా ఇది. నెల తిరిగేసరికి ఉత్తరం రాయకుండా ఉండలేకపోతోంది."

"నవ్వులాటకి కాదు బాబూ. కోర్టోళ్ళా?"

"కోర్టో, కోటో, కోటపాడో! ముద్ర మాత్రం గుండ్రంగా ఉంది." ఇలా అనేసి, నా మాటకి నేనే నవ్వుకుంటూ మోపెడ్ స్టార్టు చేశాను.

ఆమె నవ్వలేదని నేను గమనించలేదు. ఆమెకి కోర్టంటే ఎందుకంత భయమో నాకు తెలిసి కూడా జ్ఞాపకం రాలేదు. అంతకుముందు ఆ వాటాలో ఉన్నతను చీటీలు నడిపి ఒక రాత్రికి రాత్రి మాయమైపోతే, చీటీలు కట్టిన జనమంతా వచ్చి కూర్చున్నది ఆమె అరుగు మీదే. పోలీసులొచ్చి అడిగింది ఆమెనే. వారం రోజులు ఆమె ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మన ఊళ్ళో అద్దెలకీ ఆషాఢానికీ ఉన్న లంకె మీకు తెలిసిందే. ఆషాఢం శూన్యమాసం. అందులో ఎవరూ ఇల్లు మారరు, కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఖాళీ చేయించాలనుకుంటే ఆ లోపే చేయించాలి. ఆ తరవాతైతే శ్రావణం దాకా ఆగాల్సిందే. ఇంటామె ఆ లెక్క చూసుకుంది. ఆషాఢం రావడానికి ఇంకా అయిదు రోజులుందనగా, వెనక వాటా ఆవిణ్ణి పిలిచి, "మా చుట్టాలొస్తన్నారమ్మా, కాలీ సేసెయ్" అంది. బడులు తెరిచి రెండు వారాలైనా కాలేదు. అయిదు రోజుల్లో ఇల్లు దొరకలేదు. ఆదివారం నాడు ఒక ట్రాలీ ఆటోలో కుట్టుమిషనూ, మంచమూ, గిన్నెలూ వేసుకుని కూతురితో వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న నేను ఉత్తరాలు సర్దుకుంటుంటే ఆవిడ పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది. తన పేర వచ్చే ఉత్తరాలు ఆఫీసులోనే ఉంచాలనీ, తనే వచ్చి తీసుకుంటాననీ పోస్టుమాస్టరు గారికి కాగితం రాసిచ్చింది. తరవాత నావైపు తిరిగింది.

"అన్నయ్యా, మా ఆయన ఉద్యోగం నాకిస్తామని ఆఫీసోళ్ళు కాగితాలడుగుతన్నారు. నెలకొక సర్టిఫికెట్ అడిగేరు, అన్నీ పంపేను. ఇంక ఇంటర్వ్యూకి పిలవడవే మిగిలింది. ఆ ఉత్తరం ఒస్తాది. పిలిచిన రోజున ఎల్లకపోతే నాకక్కర్లేదనుకుని పైలు మూసేస్తారంట. కొంచెం సూసుకోండి."

మూడు గోధుమరంగు కవర్లు. ఒక చచ్చిపోయిన మనిషి ఉద్యోగం.

"మరి... ఇల్లు ఎందుకు ఖాళీ చేశారు?" అన్నాను.

ఆవిడ నావైపు కాసేపు చూసింది. "ఇంటామెకి ఎవరో సెప్పేరంట, నా మీద కోర్టు కేసులున్నాయని," అంది.

అప్పుడు చెప్పాలి నేను. ఆ ఎవరో నేనేనమ్మా అనాలి. దానికి బదులు కట్టిన ఉత్తరాల కట్టనే విప్పి మళ్ళీ కట్టాను. "ఎక్కడుంటున్నారు?" అని మాత్రం గొణిగాను.

"రోలుగుంట వైపు, మా పిన్ని కాడ. సోమారం సోమారం ఒచ్చి అడుగుతాను."

సరేనని సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాను. ఏ ఊరు, ఎవరిల్లు, ఏ వీధి, ఏమీ అడగలేదు. జీవితమంతా అడ్రసులు చదివి జీతం పుచ్చుకున్నవాణ్ణి, అడగాల్సిన ఒక్క అడ్రసు అడగలేకపోయాను. తరవాతి సోమవారం ఆవిడొచ్చిందని తెలిసింది. తెలియడమే, చూడలేదు. ఆ రోజు నేను అందరికన్నా ముందే బీటుకి వెళ్ళిపోయాను. మోపెడ్ మీద వెళ్తే పారిపోయినట్టు కనబడదు, అదొక సుఖం.

మర్నాడు మంగళవారం, ఉత్తరం వచ్చింది.

రిజిస్టరు ఉత్తరాన్ని మా దగ్గర ఏడు రోజులు ఉంచొచ్చు. ఏడో రోజు సాయంత్రం సంచి కట్టేసరికి తీసుకోకపోతే పంపినవాళ్ళకి వెనక్కి పోవాలి. ఆవిడ సోమవారం వస్తుంది గదా అని అందరం నిమ్మళంగా ఉన్నాం. నేను అందరికన్నా నిమ్మళంగా ఉన్నట్టు నటించాను. సోమవారం వాన కురిసింది. మధ్యాహ్నం కిటికీ మూసేదాకా చూశాం. ఆవిడ రాలేదు.

పోస్టుమాస్టరు గారు కవరు చేత్తో పట్టుకుని, "ఏమయ్యా, ఈవిడ ఎక్కడుందో నీకు తెలుసా?" అన్నారు.

"రోలుగుంట వైపండీ."

"వైపు అనేది అడ్రసుటయ్యా? వైపుకి పిన్‌కోడ్ ఉందీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు నాలుగున్నరకి సంచి కట్టేస్తాను. అప్పటిదాకా ఇది నా సొరుగులో ఉంటుంది. ఆఫీసు దాటించి నీ చేతికివ్వను, అది రూలు. నీకు రేపు సెలవు కావాలంటే ఇస్తాను, అదీ రూలే," అన్నారు. రూళ్ళ కర్ర పట్టుకునే చేతిలోనే గొడుగు కూడా ఉంటుందని ఆ రోజు చూశాను.

మంగళవారం బీటు తోటివాడు చూసుకుంటానన్నాడు. నేను పొద్దున్నే ఇంటామె గేటు దగ్గర దిగాను. సంచీ లేకుండా వచ్చిన నన్ను చూసి, "ఏటి బాబూ, ఉట్టి సేతుల్తో ఒచ్చేవు?" అంది.

"ఉత్తరాలు కాదప్పా, నేనే వచ్చాను. వెనక వాటా ఆవిడ ఎక్కడికెళ్ళిందో తెలుసా?"

"నాకెందుకా గోల? కోర్టు కేసులున్నోళ్ళతో మనకేటి?"

"కోర్టు కాదప్పా. అవి వాళ్ళాయన ఉద్యోగం ఆవిడకిచ్చే కాగితాలు. ఇవాళ సాయంత్రం లోపు ఆవిడ వచ్చి సంతకం పెట్టకపోతే పిలుపు ఉత్తరం వెనక్కి పోతుంది. ఉద్యోగం కూడా పోవచ్చు."

ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది. "అదేటి? కోర్టని నువ్వే గదా సెప్పేవు!"

"నేననలేదప్పా. నువ్వడిగావు. నేను నవ్వాను."

"ఓరి నీ నవ్వు తగలడా! పెద్దమనిషి అడిగినప్పుడు నవ్వితే అవునన్నట్టు కాదేటి? నాను రెండ్రోజులు నిద్దర్లేకుండా ఆలోసించేను. మళ్ళీ అరుగు మీద జనం కూకుంటారని బయపడి సచ్చేను. నువ్వు సెప్పేవని నమ్మి, ముండ మోసిన ఆడకూతుర్ని బడి తెరిసిన నెల్లో రోడ్డు మీద పెట్టేను. ఇప్పుడొచ్చి నవ్వేనంటన్నాడు!"

ఇంకా చాలా అంది. రాసుకోదగ్గవి ఇవే. అన్నీ అయ్యాక లోపలికెళ్ళి, చీర మార్చుకుని, గొడుగు పట్టుకుని బయటికొచ్చి గేటుకి తాళం వేసింది.

"నువ్వెందుకప్పా? నేనెళ్ళి తీసుకొస్తాను."

"నువ్వెలితే వొచ్చేస్తాదేటి? పొమ్మన్నది నాను. రమ్మనాల్సింది నానే."

"మరి మోపెడ్ మీద కూర్చోగలవా?"

"కూకుంటాను గానీ, పడేసేవంటే సూడు. నీతో కలిసి పడితే ఊరేటనుకుంటాది?"

సామాను మోసిన ట్రాలీ ఆటో అతను కిరాయికి వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి గానీ స్టాండులో దొరకలేదు. మమ్మల్నిద్దర్నీ ఒకే మోపెడ్ మీద చూసి కాసేపు నోరు తెరిచాడు గానీ, ఇంటామె కళ్ళు చూసి మూసేశాడు. రోలుగుంటకి ఇటుపక్క ఒక ఊళ్ళో, చర్చికి ఆనుకుని ఉన్న రేకుల ఇంటి ముందు దింపానన్నాడు.

బయల్దేరాం. సన్నగా తుంపర. రోడ్డుకి రెండు పక్కలా చెరుకు మోకాలెత్తు పెరిగి ఉంది, మధ్య మధ్య నారుమళ్ళు. వెనక కూర్చున్న ఇంటామె ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో నా చొక్కా కాలరు పట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా కాలరు బిగిసేది. మాట్లాడకుండా ఉండటం ఎంత మంచిదో ఆ ప్రయాణంలో నా గొంతు నాకు చెప్పింది.

ఆవిడ ఆ రేకుల ఇంటి వసారాలోనే ఉంది. కూతురు మంచం మీద పడుకుని ఉంది, నుదుటి మీద తడిగుడ్డ. నాలుగు రోజులుగా జ్వరమట. అందుకే సోమవారం రాలేకపోయింది. మమ్మల్ని చూసి ఆవిడ లేచి నిలబడింది. నేను ఏదో చెప్పబోయాను. ఇంటామె గొడుగుతో నన్ను పక్కకి నెట్టింది.

"అమ్మా, నీ ఉత్తరమొచ్చింది. ఇయ్యాల సాయంత్రం దాకే ఉంటాదంట. ఈ బండెక్కి ఎల్లు."

"గుంటకి ఒల్లు కాలిపోతంది అమ్మగారూ. పిన్ని పొలానికెల్లింది. ఎవరి మీద ఒదిలేసి ఎల్లేది?"

"నా మీద ఒదిలెయ్." అని ఇంటామె మంచం పట్టె మీద కూర్చుంది. తడిగుడ్డ తీసి, పిండి, మళ్ళీ వేసింది. "మోపెడ్డు మీద ముగ్గురం పట్టం గదా. నాను ఎనకమాల సర్వీసాటోలో వొస్తాను. సర్టిఫికెట్లన్నీ పట్టుకున్నావా? అన్నీ తీసుకో. పిల్దానికి డాక్టరు కావాలంటే సోడవరంలోనే సూపిద్దారి."

వెనక్కి వచ్చేటప్పుడు తుంపర ఆగింది. ముందుకు చూస్తూ మాట్లాడటం మొహం చూస్తూ మాట్లాడటం కన్నా తేలిక గనక, రావికమతం రోడ్డు కలిసేచోట మొదలుపెట్టాను.

"అమ్మా, ఇంటామెతో ఆ మాట అన్నది..."

"మీరే," అంది వెనకనించి. "ఇల్లు కాలీ సెయ్యమన్న రోజునే ఆవిడ సెప్పేసింది, పోస్టు బాబే సెప్పేడని."

మోపెడ్ ఒకసారి అటూ ఇటూ ఊగింది. "మరి ఆ రోజు పోస్టాఫీసులో ‘ఎవరో చెప్పారంట’ అన్నారు?"

"మీరు సెప్తారేమోనని సూసేను అన్నయ్యా."

నేను పైవాళ్ళ చేత మెమోలు తిన్నాను. ఇన్‌స్పెక్టరు చేత తిట్లు తిన్నాను. ఆ ముందు రోజుల్లో మూడు కుక్కల చేత కాట్లు కూడా తిన్నాను. వాటిలో ఏదీ ఆ ఒక్క మాటంత లోపలికి వెళ్ళలేదు. అందులో కోపం లేదు. అదే కష్టం.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను. గాలికి వినబడిందో లేదో తెలియదు. రెండోసారి గట్టిగా అన్నాను. "ఇనబడింది," అంది. ఆ ‘వినబడింది’లో నాకు క్షమాపణ దొరికిందని ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను.

మేం ఆఫీసు మెట్లెక్కేసరికి లక్క కరిగిన వాసన వస్తోంది. పోస్టుమాస్టరు గారు సంచి మూతికి తాడు బిగించి కూర్చున్నారు. గోధుమరంగు కవరు ఇంకా సంచి బయటే, ఆయన మోచేతి కింద ఉంది. గోడ గడియారం నాలుగూ ఇరవై రెండు.

"తాడు కట్టాను గానీ ముద్ర వెయ్యలేదు. వచ్చి సంతకం పెట్టమ్మా," అన్నారు.

ఆవిడ సంతకం పెట్టింది. మొదటిసారి నా కళ్ళ ముందు కవరు విప్పింది. చదివి, కౌంటరు మీది కలం తీసుకుని, అరచేతి మీద రాసుకుంది. ఎల్లుండి పదిన్నర, విశాఖపట్నం, అసలు సర్టిఫికెట్లతో. ఆ ఉత్తరం ఆ సంచిలో ఎక్కి ఉంటే, ఆవిడ ఎదురుచూసిన ఆఫీసుకి ఆవిడకన్నా ముందు చేరేది.

సాయంత్రం సర్వీసాటోలో ఇంటామె పిల్లని ఒళ్ళో వేసుకుని దిగింది. డాక్టరుకి చూపించి మందులు కూడా కొనేసింది. నలుగురం ఆమె గేటు దగ్గర నిలబడ్డాం. ఎల్లుండి పొద్దున్నే బస్సెక్కాలంటే ఆవిడ మళ్ళీ పల్లెకి పోవడం కుదరదు. వెనక వాటా ఖాళీగానే ఉంది. వస్తారన్న చుట్టాలు ఎక్కడా లేరు.

"ఇక్కడే ఉండిపో అమ్మా," అంది ఇంటామె. అనేసి తనే ఆగిపోయింది. "అయ్యో, ఆసాడం గదా."

"మాకు ఆసాడం లేదమ్మగారూ."

"నీకు లేదు. నా ఇంటికుంది గదా!"

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. అనుభవం వచ్చింది గదా. ఇంటామె కాసేపు గేటు కమ్మీ పట్టుకుని ఆలోచించింది. తరవాత, "అవునే, నువ్వెల్లినప్పుడు నాకు ఒక తాళంచెవే ఇచ్చేవు. రెండోదేదీ?" అంది.

ఆవిడ కంగారుపడి సంచీ వెతికింది. మిషను సొరుగు తాళాల గుత్తిలో దొరికింది. "హడావిడిలో మర్సిపోయేనమ్మగారూ," అని అందివ్వబోయింది.

ఇంటామె చెయ్యి చాపలేదు. పైగా రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"నాకొద్దు. తాళంచెవి నీ కాడే ఉంటే నువ్వు కాలీ సేసినట్టెలగవుతాది? నువ్వు కాలీ సెయ్యలేదు. పిన్ని గారింటికి ఊరెల్లేవు, పిల్దానికి జొరమొస్తే తిరిగొచ్చేవు. ఊరెల్లినోళ్ళు ఆసాడంలో ఇంటికి రారేటి? తీసుకో, తలుపు తియ్."

అంత చక్కటి తీర్పు నేను ఏ కోర్టులోనూ వినలేదు. కోర్టంటే భయపడే మనిషి ఇచ్చిన తీర్పది.

ఎల్లుండి ఆవిడ వెళ్ళింది. ఉద్యోగం రావడానికి ఆ తరవాత కూడా నెలలు పట్టింది, ప్రభుత్వం పని ప్రభుత్వం వేగానే జరుగుతుంది. కానీ వచ్చింది. అనకాపల్లి ఆఫీసులో వేశారు. ఆరేళ్ళపాటు వెనక వాటాలోనే ఉండి బస్సు మీద తిరిగింది. ఆ ఆరేళ్ళలో నాకు ప్రతి క్రిస్మస్‌కీ కేకు వచ్చింది. నేను మాత్రం ఆ గుమ్మంలో జోకు వేసింది లేదు. బదిలీ మీద ఆవిడ వెళ్ళిపోయిన రోజు రెండు తాళంచెవులూ ఇంటామె చేతిలో పెట్టింది. ఇంటామె రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని ఏడ్చింది.

అందుకని, వాటాలు కట్టే నాయనలారా, నా సలహాల్లో చివరివి ఇవి. అద్దెకొచ్చే మనిషి గురించి ఊళ్ళో అడగకండి. ఆ మనిషినే కూర్చోబెట్టి అడగండి. ఊరి దగ్గర సమాధానం లేకపోతే నవ్వు ఉంటుంది, ఆ నవ్వుతో కుటుంబాలు రోడ్డున పడతాయి. ఖాళీ చెయ్యమంటే నిజమైన కారణం చెప్పండి, నిజమైన గడువివ్వండి. బడులు తెరిచిన నెలలో అసలే వద్దు. ఆషాఢం లెక్క ఇంటికి చూసుకోండి గానీ మనిషికి చూడకండి.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో నేనూ రెండు వాటాలు కట్టాను. నంబర్లు వేయించాను, మీటర్లు విడిగా పెట్టించాను. ప్రతి గుమ్మానికీ ఒక ఉత్తరాల డబ్బా కూడా పెట్టాను. అందులో పిచ్చుకలు తప్ప ఎవరూ ఉత్తరం వెయ్యరు, అయినా ఉంది. ఖాళీ చేసేవాళ్ళని రెండు తాళంచెవులూ అడుగుతాను. తరవాత ఒక నోటుపుస్తకం తీసి, వాళ్ళు వెళ్ళబోయే ఇంటి అడ్రసు అడుగుతాను. "లొకేషన్ పెడతాను అంకుల్," అంటారు కుర్రాళ్ళు నవ్వుతూ. ఊరు, వీధి, ఇంటి నంబరు చెప్పమంటాను. ఎందుకని అడిగితే ఉత్తరాలొస్తే పంపడానికంటాను.

ఆ పుస్తకంలో మొదటి అడ్రసు మా వాటాల్లో ఉన్నవాళ్ళది కాదు. రోలుగుంటకి ఇటుపక్క, చర్చిని ఆనుకున్న రేకుల ఇల్లు. అడగాల్సిన రోజుకి పదిహేను రోజులు ఆలస్యంగా తెలుసుకున్నది.